ఏసీ గ్యాస్ ఖర్చు కాదు, లీకవుతుంది

(సెలవు రోజు మీటింగులో క్యాంపు డ్రైవర్లకు, బస్సులో సైటుకు పోయొచ్చే మనోళ్లకు ఒక సూపర్‌వైజర్ అన్న చెప్పిన మాటలు ఇవి. డ్యూటీలో ఉండి రాలేకపోయినోళ్ల కోసం గ్రూపులో పెడుతున్నాం. డ్రైవర్లు తప్పకుండా చదవండి.)



నేను మెకానిక్‌ను కాను. పదో తరగతి చదివి ఇక్కడికి వచ్చినోణ్ని, సైటు మీద సూపర్‌వైజర్ పని చేస్తున్నా. కానీ ఎండలు మొదలైతే నాకు కాంక్రీటు గురించి వచ్చే ఫోన్లకంటే బస్సు ఏసీ గురించి వచ్చే ఫోన్లే ఎక్కువ. "అన్నా, కూలింగ్ వస్తలేదు. గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టియ్యాలె" అంటరు. ఈ ఒక్క మాట గురించే ఈ రోజు మాట్లాడుకుందాం. ఏసీ గ్యాస్ పెట్రోల్ లెక్క ఖర్చయ్యేది కాదు.

ముందు ఇది మనకెందుకు ముఖ్యమో చెప్తా. దుబాయ్, షార్జాలో ఎండకాలం 40 డిగ్రీలు దాటడం మనకు తెలిసిందే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు నేరుగా ఎండలో పని చేయించొద్దని ప్రభుత్వం రూల్ పెట్టింది. తప్పిన కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల చొప్పున, మొత్తం 50,000 వరకు జరిమానా ఉంటుంది. మంచిదే. కానీ పని దిగినంక క్యాంపుకు గంట, గంటన్నర బస్సులోనే కూర్చుంటాం కదా. పొద్దంతా వేడెక్కిన ఒళ్లు చల్లబడాల్సింది ఆ గంటలోనే. అప్పుడు ఏసీ పని చేయకపోతే, ముప్పై మంది కూర్చున్న రేకు డబ్బాలో ఒంటి వేడి దిగదు, ఇంకా పెరుగుతుంది. అందుకే బస్సు ఏసీని సుఖం కింద లెక్కేయొద్దు. హెల్మెట్, సేఫ్టీ బెల్టు ఎట్లనో ఇది కూడా అట్లనే.

ఏసీ ఎట్ల పని చేస్తది?

ఇంజిన్ దగ్గర బెల్టుతో తిరిగేది కంప్రెసర్. అది గ్యాస్‌ను గట్టిగా ఒత్తుతుంది. ఒత్తితే గ్యాస్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాస్ కండెన్సర్‌లోకి పోతుంది. కారు, పికప్‌లో కండెన్సర్ ముందు జాలీ వెనకాల, రేడియేటర్‌కు ముందు ఉంటుంది. పెద్ద బస్సుల్లో చాలావాటికి టాపు మీద ఉంటుంది. అక్కడ ఫ్యాను గాలికి వేడి బయటికి పోయి గ్యాస్ నీళ్ల లెక్క మారుతుంది. తర్వాత డ్రయర్ అనే చిన్న డబ్బా దాంట్లోని తేమను పీల్చుకుంటుంది. ఆపైన ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్న సందులోంచి ఒక్కసారిగా లోపలి కూలింగ్ కాయిల్‌లోకి పోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఆ చల్లటి కాయిల్ మీదుగా బ్లోయర్ గాలి కొడితే మనకు చల్లగాలి వస్తుంది. తర్వాత గ్యాస్ మళ్లీ కంప్రెసర్‌కే పోతుంది.

చూశారా, మొత్తం గుండ్రంగా తిరిగే దారి. గ్యాస్ ఎక్కడా మండదు, ఎక్కడా తగలబడదు. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పోవడం ఉంటుంది కానీ, ఒకే ఎండకాలంలో రెండుసార్లు గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు మూయకుండా గ్యాస్ కొట్టిస్తే ఓటి కుండలో నీళ్లు పోసినట్టే.

మా సైటు మీద 30 సీట్ల మినీబస్సు ఒకటి ఉండేది. ఒకే ఎండకాలంలో మూడుసార్లు గ్యాస్ కొట్టించిన్రు. మొదటిసారి కంపెనీ ఇచ్చింది. రెండోసారి "మొన్ననే కదా చేయించినం" అన్నరు. మూడోసారి డ్రైవర్ తమ్ముడు ఎవరినీ అడగలేక తన జేబులోంచి పెట్టుకున్నడు. ఇంటికి పంపే పైసల్లోంచి కోసుకున్నడు. ఆఖరికి వేరే గ్యారేజీలో చూపిస్తే పైపు జాయింటు దగ్గర నూనె మరక కనిపించింది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ పోయే చోట నూనె చెమ్మ, దానికి పట్టిన దుమ్ము ఉంటాయి. అక్కడ రబ్బరు రింగు ఎండిపోయి పగిలింది. కొత్త రింగు ధర కొన్ని దిర్హాములే. మూడుసార్లు గ్యాస్ కొట్టిన గ్యారేజీ ఒక్కసారి కూడా బోనెట్ కింద లైటేసి చూడలేదు.

గ్యారేజీకి పోకముందు మనం చూసేవి

ఏసీ కూలింగ్ తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. ముందు కింద చెప్పినవి చూడండి. పైసా ఖర్చు లేదు.

గాలే తక్కువ వస్తోందా? అయితే ఫిల్టర్ చూడండి. కార్లు, పికప్‌లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు డబ్బా వెనకాల ఉంటుంది. బస్సుల్లో లోపలి గాలి పీల్చే జాలీ దగ్గర ఉంటుంది. మన సైట్ల ఇసుక, సిమెంటు దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది. ఎండకాలం నెలకొకసారి తీసి చూడండి. దులిపినా తెల్లబడకపోతే మార్పించండి. జాలీకి అడ్డంగా సంచులు, చెప్పులు, జాకెట్లు పెట్టొద్దని కూర్చునేవాళ్లకు చెప్పండి.

గాలి బాగానే ఉంది, చల్లగా లేదా? ఇంజిన్ నడుస్తుండగా ఒకరు ఏసీ బటన్ నొక్కాలి, ఇంకొకరు బోనెట్ దగ్గర నిలబడి వినాలి. చాలా బండ్లలో "టక్" మని కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటుంది. కొన్ని కొత్త బండ్లలో ఈ చప్పుడు రాదు, వాటికి క్లచ్ ఉండదు. క్లచ్ ఉన్న బండిలో చప్పుడు రాకపోతే ఫ్యూజు, రిలే, బెల్టు చూపించాలి. గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అది కంప్రెసర్ కాలిపోకుండా పెట్టిన కాపలా. వైరు జోడించి ఆ స్విచ్‌ను దాటేసి నడిపించేవాళ్లు ఉంటరు. ఒప్పుకోవద్దు. రింగుతో పోయే పని కంప్రెసర్ మార్చేదాకా వస్తది.

బండి పరిగెత్తుతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా వస్తోందా? కండెన్సర్‌కు గాలి అందడం లేదు. ఏసీ వేసినప్పుడు ముందు ఫ్యాను తిరుగుతోందా చూడండి. తిరుగుతుంటే కండెన్సర్ రేకుల్లో దుమ్ము నిండి ఉంటుంది. ఇంజిన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. టాపు మీద యూనిట్ ఉన్న బస్సు ఎక్కి కడగడం డ్రైవర్ పని కాదు, పడితే నడుం విరుగుతుంది. సరైన నిచ్చెనతో గ్యారేజీవాళ్లు చేయాలి.

మొదట చల్లగా వచ్చి, గంట తర్వాత గాలి తగ్గిపోతోందా? లోపలి కాయిల్ మీద మంచు కట్టింది. ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం పదిహేను నిమిషాలు నడిపించండి. మంచు కరిగి గాలి మళ్లీ వస్తుంది. మాటిమాటికి ఇట్లా అయితే ఫిల్టర్ మూసుకుపోయిందో, గ్యాస్ తగ్గిందో, సెన్సర్ పోయిందో చూపించాలి.

బండి కింద నీళ్లు కారుతున్నాయా? భయం లేదు, గాలిలోని తేమ నీరై కారుతోంది. అదే నీళ్లు లోపల కాళ్ల దగ్గర కారితే నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయిందని అర్థం.

పాచి వాసన వస్తోందా? తడి కాయిల్‌కు బూజు పట్టింది. క్యాంపు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ నడపండి. కాయిల్ ఆరితే బూజు తొందరగా పట్టదు.

ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతోందా? వెంటనే ఏసీ ఆపండి. బండి పక్కకు పెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

ఇంకో చిన్న పరీక్ష. ఒక థర్మామీటర్ మధ్య గాలి రంధ్రంలో పెట్టండి. తలుపులు మూసి, లోపలి గాలి తిప్పే బటన్ వేసి పది నిమిషాలు నడపండి. బటన్ మీద కారు బొమ్మలో వంగిన బాణం ఉంటుంది. ఎండకాలం మొదట్లో ఏసీ బాగున్నప్పుడే ఆ అంకె రాసిపెట్టుకోండి. తర్వాత నెలకొకసారి దాదాపు అదే టైముకు చూడండి. అంకె పెరుగుతూ పోతోందంటే పూర్తిగా ఆగిపోకముందే తెలిసిపోతుంది. "కూలింగ్ లేదు సార్" అంటే ఎవరూ వినరు. "మేలో 10 ఉండె, ఇప్పుడు 19 చూపిస్తోంది" అని ఫొటో పెడితే వినక తప్పదు.

గ్యారేజీలో అడగాల్సినవి

గ్యారేజీల్లో మనకు నడిచేది హిందీ. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

"లీక్ చెక్ కియా?" లీకు ఎట్ల చూశారో అడగండి. పెద్ద లీకైతే సబ్బు నురగకు బుడగలొస్తాయి. చిన్నదానికి నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ పడిపోతుందా చూస్తారు, లేదంటే రంగు వేసి ప్రత్యేకమైన లైటుతో వెతుకుతారు.

"వాక్యూమ్ కిత్నా మినట్?" పైపు విప్పితే లోపలికి గాలి, తేమ చేరతాయి. అవి పోవాలంటే మెషీన్‌తో అరగంటైనా లాగాలి. తర్వాత మెషీన్ ఆపి కాసేపు ఉంచితే ముల్లు కదలకూడదు. కదిలితే లీకు ఇంకా ఉంది.

"గ్యాస్ కిత్నా గ్రామ్?" ఎంత గ్యాస్ పట్టాలో చాలా బండ్లకు బోనెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. తూకం వేసి నింపాలి. ఎక్కువ గ్యాస్ ఉంటే ఎక్కువ చల్లదనం అనుకోవద్దు. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

గ్యాస్ రకం కూడా అదే స్టిక్కర్ మీద ఉంటుంది. ఇప్పుడు నడిచే పాత బండ్లలో ఎక్కువగా ఆర్-134ఏ, కొత్త బండ్లు కొన్నింటిలో ఆర్-1234వైఎఫ్. ఒకదాంట్లో ఇంకొకటి కలపకూడదు. చవక అని వంటగ్యాస్ లాంటిది ఎక్కించేవాళ్ల దగ్గరికి అసలే పోవద్దు. లీకైతే ముప్పై మంది కూర్చున్న బస్సులో నిప్పురవ్వ చాలు.

మీటర్లు పెట్టినప్పుడు పక్కన నిలబడి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా నీలం ముల్లు, ఎర్ర ముల్లు రెండూ తక్కువ చూపిస్తే గ్యాస్ తగ్గిందని. రెండూ ఎక్కువైతే కండెన్సర్ మురికి, ఫ్యాను, లేదా గ్యాస్ ఎక్కువ. నీలం ఎక్కువ, ఎర్రది తక్కువ అయితే కంప్రెసర్ ఒత్తలేకపోతోంది. నీలం సున్నా కిందికి పోతుంటే లోపలెక్కడో అడ్డం పడింది. ఇంజిన్ ఆపి చాలాసేపైతే రెండూ ఒకే అంకె దగ్గర నిలబడతాయి. 134ఏ గ్యాస్ ఉన్న బండి 40 డిగ్రీల నీడలో పూర్తిగా చల్లారి ఉంటే ఆ అంకె 130 దగ్గర ఉంటుంది. అది చూసి "గ్యాస్ నిండుగా ఉంది" అని చెప్తే నమ్మొద్దు. లోపల కొంచెం గ్యాస్ ద్రవంగా మిగిలున్నా అంతే చూపిస్తుంది.

ఒక గట్టి మాట. మనం పైపులు విప్పొద్దు. యూట్యూబ్ చూసి అసలే వద్దు. 134ఏ గ్యాస్ బయటికొస్తే సున్నా కంటే 26 డిగ్రీలు కిందికి చల్లబడుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు, చేతి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. ఊరికే గాలిలోకి వదిలినా, ఒక కిలో 134ఏ భూమిని వేడెక్కించడంలో 1,400 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆ ఎండ మళ్లీ మన నెత్తి మీదికే వస్తది.

డ్రైవర్ తమ్ముళ్లకు

బండి కంపెనీది. రబ్బరు రింగు ఎండిపోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం వాడకంలో జరిగే అరుగుదల. అది మీ తప్పు కాదు, మీ జేబు ఖర్చు కాదు. నోటితో చెప్పి ఊరుకోకండి. తారీఖు, కిలోమీటర్లు, ఏం తేడా వచ్చిందో నాలుగు ముక్కలు రాసి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి వాట్సాప్‌లో పెట్టండి. సూపర్‌వైజర్‌కు కూడా పంపండి. బిల్లు మీద "గ్యాస్" అని ఒక్క ముక్క కాకుండా, లీకు ఎక్కడ దొరికింది, ఏం మార్చారు, ఎన్ని గ్రాములు నింపారు అని రాయించుకోండి. అట్ల రాసిస్తే మళ్లీ లీకైనప్పుడు గ్యారేజీవాడినే అడగొచ్చు. మీ మీద మాట రాదు.

బండి ఎక్కించుకునే ముందు కిటికీలు తీసి రెండు నిమిషాలు నడిపి లోపలి వేడి గాలి పోనివ్వండి. తర్వాత మూసి ఏసీ పెంచండి. దూరం పోయేటప్పుడు అరగంటకొకసారి కాసేపు బయటి గాలి రానివ్వండి. నిండు బస్సులో అదే గాలి తిరుగుతుంటే మీకే నిద్ర కమ్ముకొస్తుంది.

కూర్చునే మనందరికీ

దారిలో ఏసీ ఆగిపోతే గొడవ పడి డ్రైవర్‌ను అనకండి. కిటికీలు తీయండి. నీడ చూసి ఆపించండి, నీళ్లు తాగండి. పక్కనున్న మనిషిని చూడండి. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతుంది కదా అని ధైర్యపడొద్దు. వెంటనే 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండొద్దు. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

మధ్యాహ్నం బ్రేకులో కొంతమంది బండి తలుపులు మూసి, ఇంజిన్ నడిపించి, ఏసీలో పడుకుంటరు. ఇది మానుకోండి. సైలెన్సర్‌లో సన్న పగులున్నా, బండి గోడకు ఆనుకుని నిలబెట్టినా, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నోడు లేవడు. బ్రేకుకు నీడ, చల్లదనం ఉన్న చోటు చూపించడం కంపెనీ బాధ్యత. అది లేకపోతే సూపర్‌వైజర్‌ను అడగండి. అడిగినా కాకపోతే కార్మిక శాఖ నంబరు 600590000కు ఫోన్ చేయొచ్చు.

ఇంటి దగ్గర అమ్మానాన్న, పెళ్లాం పిల్లలు రాత్రి ఫోన్‌లో అడిగేది "పైసలు పంపినవా" అని ఒక్కటే కాదు, "తిన్నవా, పైలంగ ఉన్నవా" అని కూడా. పైలంగ ఉండటానికి పెద్ద చదువు అక్కర్లేదు. నెలకొకసారి ఫిల్టర్ తీయడం, థర్మామీటర్ పెట్టడం, నూనె మరక కోసం లైటేసి చూడటం, నాలుగు ముక్కలు రాసి పంపడం. ఇవి చాలు.

ఈ మెసేజ్‌ను మీ బస్సు డ్రైవర్‌కు పంపండి. ఆయనకు తెలుగు రాకపోతే పక్కన కూర్చుని హిందీలో చెప్పండి. ఎవరి బండిలో ఏం తేడా ఉందో ఫొటోతో గ్రూపులో పెడితే, తెలిసినంత వరకు చెప్తా.

అందరూ జాగ్రత్త. నమస్తే.